811 లొకేట్ టికెట్ల సాఫ్ట్‌వేర్: ఒక్క టికెట్ కూడా జారిపోకుండా సెటప్ చేసుకోవడం ఎలా?

అమెరికాలో నేల తవ్వాలనుకునేవాళ్లు ముందు 811 నంబర్‌కు చెప్పాలి. ఆ రాష్ట్రంలోని వన్ కాల్ సెంటర్ వివరాలు తీసుకుని, అక్కడ భూమిలో లైన్లున్న గ్యాస్, కరెంటు, నీళ్లు, ఫైబర్ సంస్థలకు టికెట్ (తవ్వకం వివరాలున్న నోటీసు) పంపుతుంది. ఆ సంస్థ మనుషులో, వాళ్ల తరఫున పనిచేసే లొకేటింగ్ కంపెనీ మనుషులో (వీళ్లనే లొకేటర్లంటారు) గడువులోగా వెళ్లి, లైన్ ఎక్కడుందో నేలమీద రంగుతో గుర్తుపెట్టి, సెంటర్‌కు జవాబు పంపాలి.

ఈ పని నడిపే సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువమంది అడిగేది ఒక్కటే: కోర్‌టెరా తీసుకోవాలా, ఇర్త్ వాళ్లదా, బాస్811నా? ప్రోడక్ట్ సంగతి తర్వాత చూడొచ్చు. ఏది కొన్నా టికెట్లు జారిపోయేది మూడు చోట్లే: లోపలికి వచ్చేటప్పుడు, గడువు లెక్క దగ్గర, మూసేటప్పుడు. ఆ మూడింటినీ పకడ్బందీగా పెట్టుకుంటే సాదాసీదా సాఫ్ట్‌వేర్‌తో కూడా పని నడుస్తుంది. అవి వదులుగా ఉంటే ఎంత ఖరీదైనది కొన్నా లాభం లేదు.

టెక్సస్‌లో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా ఉన్నవాళ్లకీ, హైదరాబాద్‌లో రాత్రి షిఫ్ట్‌లో టికెట్లు లొకేటర్లకు పంచే డిస్పాచ్ డెస్క్ చూసేవాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

1. డెమో చూడకముందే కాగితం మీద తేల్చుకోండి

సేల్స్ వాళ్ల డెమోలో అన్నీ బాగానే కనిపిస్తాయి. మీ నియమాలు మీ దగ్గర రాసి లేకపోతే వాళ్ల డీఫాల్ట్ సెట్టింగులే మీ నియమాలవుతాయి.

ముందుగా, మీరు పనిచేసే ప్రతి రాష్ట్రానికీ విడిగా ఒక పేజీ రాసుకోండి. అందులో ఉండాల్సినవి:

- నోటీసు గడువు. టెక్సస్‌లో 48 గంటలు, వారాంతాలూ సెలవులూ లెక్కలోకి రావు. కాలిఫోర్నియాలో చెప్పిన రోజును వదిలేసి 2 పని దినాలు. పెన్సిల్వేనియాలో కనీసం 3, గరిష్ఠంగా 10 పని దినాలు.
- టికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది. కాలిఫోర్నియాలో 28 రోజులు, టెక్సస్‌లో 14 పని దినాలు.
- టాలరెన్స్ జోన్. అంటే గుర్తుకు అటూ ఇటూ మెషీన్‌తో తవ్వకుండా జాగ్రత్త పడాల్సిన దూరం. కాలిఫోర్నియాలో 24 అంగుళాలు, టెక్సస్, పెన్సిల్వేనియాల్లో 18 అంగుళాలు.
- ఆ సెంటర్ వాడే జవాబు కోడ్‌లు, సెలవుల జాబితా, ఎమర్జెన్సీ టికెట్‌కు ఎంతసేపట్లో స్పందించాలి.

ఈ పేజీని ఏటా ఒకసారి సెంటర్ తాజా చట్టం ప్రతితో సరిచూడండి. రాష్ట్రాలు ఈ నిబంధనలు తరచూ మారుస్తుంటాయి.

తర్వాత అధికారాలు. టికెట్‌ను ఫీల్డ్‌కు పంపకుండా ఆఫీసులోనే క్లియర్ చేసే అధికారం ఎవరికి? గడువు పొడిగింపు ఒప్పుకునేది ఎవరు? మూసిన టికెట్‌ను తిరిగి తెరిచేది ఎవరు? వీటికి పేర్లు రాయకుండా ‘డెస్క్ చూసుకుంటుంది’ అని వదిలేస్తే, అవసరం పడ్డ రోజు అందరూ చేస్తారు, అడిగితే ఎవరూ చేయలేదంటారు.

2. సర్వీస్ ఏరియా, మ్యాపులు సరిచేసుకోండి

వన్ కాల్ సెంటర్‌కు మీ పైపు ఎక్కడుందో కచ్చితంగా తెలియదు. మీరు ఇచ్చిన సర్వీస్ ఏరియా పాలిగాన్ (మ్యాపు మీద గీసిన హద్దు) మాత్రమే తెలుసు. తవ్వే చోటు ఆ పాలిగాన్‌ను తాకితే టికెట్ వస్తుంది, తాకకపోతే రాదు. రాని టికెట్‌ను ఏ సాఫ్ట్‌వేరూ చూపించలేదు.

అందుకే మొదటి పని ఇది: సెంటర్ దగ్గరున్న పాలిగాన్ తెప్పించుకుని, మీ జీఐఎస్‌లోని (కంప్యూటర్ మ్యాపులోని) లైన్ల మీద పరిచి చూడండి. కొత్త కాలనీకి వేసిన లైన్ పాలిగాన్ బయట ఉండిపోవడం చాలా మామూలు. కొత్త నిర్మాణం పూర్తయిన వెంటనే పాలిగాన్ మార్చడం ఎవరి బాధ్యతో రాసిపెట్టుకోండి.

మ్యాపుల్లో చూడాల్సినవి:

- లైన్ ఏ ఆధారంతో గీశారు? సర్వే చేసిందా, పాత కాగితం డ్రాయింగ్ నుంచి ట్రేస్ చేసిందా? ఈ వివరం ఒక కాలమ్‌గా ఉండాలి. స్క్రీనింగ్ (ఏ టికెట్‌కు మనిషిని పంపాలో ఆఫీసులో తేల్చడం) మొత్తం దీనిమీదే నిలబడుతుంది.
- వాడకంలో లేని పాత లైన్లు మ్యాపులోంచి తీసేయకుండా విడి లేయర్‌లో ఉంచాలి. లొకేటర్‌కు మిషన్ మీద వింత సిగ్నల్ వస్తే కారణం తెలియాలి కదా.
- ప్లాస్టిక్ పైపు పక్కన ట్రేసర్ వైర్ (పైపు జాడ మిషన్‌కు దొరికేలా వేసే తీగ) ఉందా లేదా, ఉంటే దాన్ని ఎక్కడ పట్టుకోవచ్చు.
- మీటర్ దాటాక ఉండే లైన్ చాలాచోట్ల ఇంటివాళ్లది. దాన్ని యుటిలిటీ లొకేటర్ గుర్తుపెట్టడు. ఆ హద్దు మ్యాపులో కనిపించాలి.

3. టికెట్ లోపలికి రావడం

టికెట్లు సాధారణంగా ఈమెయిల్ ద్వారానో, సెంటర్ ఇచ్చే వెబ్ సర్వీస్ ద్వారానో వస్తాయి. సెంటర్‌కో ఫార్మాట్. ఒకరు ‘పని మొదలయ్యే సమయం’ అని పంపితే ఇంకొకరు ‘జవాబు గడువు’ అని పంపుతారు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సెంటర్‌కూ విడి పార్సర్ (మెసేజ్ చదివి వివరాలు కాలమ్స్‌లోకి విడదీసే భాగం) ఉండాలి.

అ) పార్సర్‌ను నిజమైన టికెట్లతో పరీక్షించండి. నార్మల్, ఎమర్జెన్సీ, అప్‌డేట్, గుర్తులు చెరిగిపోయాయని వచ్చే రీమార్క్, గడువులో ఎవరూ రాలేదని వచ్చే నో రెస్పాన్స్, క్యాన్సిల్, డిజైన్ కోసం అడిగేది, సైట్ దగ్గర కలిసి మాట్లాడదామని వచ్చే జాయింట్ మీట్. ప్రతి రకానికీ పాత నమూనాలు సెంటర్‌ను అడిగి తీసుకోండి. నార్మల్ టికెట్లతోనే పరీక్షించి ‘అన్నీ వస్తున్నాయి’ అని సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ) రివిజన్ (సవరించిన టికెట్) వచ్చినప్పుడు చాలా సెంటర్లలో టికెట్ నంబర్ అదే ఉండి, రివిజన్ సంఖ్య మారుతుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని డూప్లికేట్ అనుకుని పక్కన పడేయకూడదు, పాతదాని మీద రాసి దాన్ని చెరిపేయనూ కూడదు. రెండూ ఒకదాని కింద ఒకటి కనిపించాలి.

ఇ) పార్సర్‌కు అర్థంకాని మెసేజ్ ‘చదవలేనివి’ అనే క్యూలోకి వెళ్లి, ఒక మనిషికి అలారం మోగాలి. ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌కు వెళ్లే దారి పూర్తిగా మూసేయండి.

ఈ) రోజు చివర్లో సెంటర్ ఒక ఆడిట్ మెసేజ్ పంపుతుంది: ఈరోజు మీకు ఇన్ని టికెట్లు పంపాం, నంబర్లు ఇవీ అని. దీన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తానే మీ జాబితాతో పోల్చాలి. ఒక్కటి తగ్గినా రాత్రికి రాత్రే సెంటర్‌ను మళ్లీ పంపమని అడగాలి. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. మిగతా లోపాలు కనీసం తెరమీద కనిపిస్తాయి, రాని టికెట్ మాత్రం లైన్ తెగాకే తెలుస్తుంది.

ఎమర్జెన్సీ టికెట్లకు విడి దారి ఉండాలి. లొకేటర్ ఫోన్‌కు మోగి, అతను ‘తీసుకున్నా’ అని నొక్కే వరకు ఆగకూడదు. మీరు పెట్టుకున్న నిమిషాల్లో నొక్కకపోతే పక్క జోన్ లొకేటర్‌కు, ఆపైన సూపర్‌వైజర్‌కు వెళ్లాలి. మామూలు మెసేజ్ పంపి ఊరుకునే సాఫ్ట్‌వేర్ దీనికి చాలదు.

4. గడువు లెక్క

టికెట్‌లోనే జవాబు గడువు అచ్చయి ఉంటే అదే వాడండి. సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ లెక్క కట్టించకండి. గడువు ఇవ్వని సెంటర్లకే మీ లెక్క. అక్కడ ఆ రాష్ట్ర సెలవుల జాబితా తప్పనిసరి. థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం కొన్నిచోట్ల పని దినం, కొన్నిచోట్ల కాదు. ఏటా ఆ వారంలోనే లెక్కలు తప్పుతుంటాయి.

ఇక టైమ్ జోన్. డాలస్‌లో ఉదయం 10 గంటలకు గడువున్న టికెట్ హైదరాబాద్‌లో కూర్చున్న డిస్పాచర్‌కు చలికాలంలో రాత్రి 9:30, వేసవిలో రాత్రి 8:30. అదే టెక్సస్‌లోని ఎల్ పాసో మౌంటెన్ టైమ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడి ఉదయం 10 అంటే చలికాలంలో మనకు రాత్రి 10:30. ‘టెక్సస్ అంటే సెంట్రల్’ అని సెట్ చేస్తే ఎల్ పాసో టికెట్లన్నీ గంట తేడాగా కనిపిస్తాయి.

చేయాల్సింది ఇది:

- సమయాన్ని లోపల యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయంలో) దాచాలి. తెరమీద పని జరిగే చోటి టైమ్ పెద్దగా, డిస్పాచర్ ఊరి టైమ్ చిన్నగా, రెండూ కనిపించాలి.
- టైమ్ జోన్ కౌంటీని బట్టి తీసుకోవాలి, రాష్ట్రాన్ని బట్టి కాదు.
- గడియారాలు మారే రోజులకు (మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం) ముందు శుక్రవారం, వారాంతం దాటి గడువున్న టికెట్లను చేత్తో ఒకసారి సరిచూడాలి.

గడువులు రెండు పెట్టుకోండి. ఒకటి చట్టం చెప్పింది. రెండోది మీది, దానికి కొన్ని గంటల ముందు. డిస్పాచర్ రంగులు మీ గడువును బట్టి మారాలి. చట్టం గడువు దగ్గర ఎరుపు వెలిగితే అప్పటికి లొకేటర్ ఇంకో ఊళ్లో ఉంటాడు.

తవ్వే కాంట్రాక్టర్ ‘గురువారం వరకు ఆగుతాను, పర్లేదు’ అంటే, కొత్త సమయం వేరే కాలమ్‌లో పడాలి. అసలు గడువును చెరిపి రాయనివ్వకండి. ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు, ఫోన్‌లోనా మెసేజ్‌లోనా అన్నవి నింపకుండా పొడిగింపు సేవ్ కాకూడదు. ఆ తర్వాత ఒక మెసేజ్ పంపి రాతపూర్వకంగా ‘సరే’ అనిపించుకోవడం మంచిది. నోటిమాట పొడిగింపును కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు.

5. స్క్రీనింగ్: ఆఫీసులోనే క్లియర్ చేయడం

వచ్చిన ప్రతి టికెట్‌కూ మనిషిని పంపనక్కర్లేదు. తవ్వే చోటుకీ మీ లైన్‌కీ చాలా దూరం ఉంటే ఆఫీసు నుంచే ‘ఇక్కడ మా లైన్ లేదు’ అని జవాబివ్వొచ్చు. డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. ప్రమాదం కూడా ఇక్కడే, ఎందుకంటే ఆఫీసులో తప్పుగా క్లియర్ చేసిన టికెట్ మీద ఫీల్డ్‌లో ఎవరి కన్నూ పడదు.

ఆటోమేటిక్ క్లియరింగ్‌ను మొదటి రోజే ఆన్ చేయకండి. కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ‘క్లియర్ చేయొచ్చు’ అని సూచన మాత్రమే ఇవ్వాలి, మనిషి నిర్ణయించాలి. వాళ్లిద్దరూ విభేదించిన టికెట్లను విడిగా తీసి చూడండి. మీ మ్యాపులు ఎంత నమ్మదగినవో అప్పుడు తెలుస్తుంది.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆఫీసులో క్లియర్ చేయకుండా నియమం పెట్టండి:

- దగ్గర్లోని లైన్ సర్వే చేసింది కాదు, పాత డ్రాయింగ్ నుంచి గీసింది.
- టికెట్‌లోని అక్షరాలు ఒక చోటు చెబుతుంటే, పాలిగాన్ ఇంకో చోటు చూపిస్తోంది.
- పని రకం డైరెక్షనల్ బోరింగ్ (పైన గుంత తీయకుండా భూమిలో అడ్డంగా తొలవడం), లేదా పేలుడు పదార్థాలు వాడతామని ఉంది.
- హై ప్రెషర్ గ్యాస్, ట్రాన్స్‌మిషన్ లైన్, ఆస్పత్రికి వెళ్లే ఫైబర్ వంటి కీలకమైన లైన్ ఆ చుట్టుపక్కల ఉంది.
- ఎమర్జెన్సీ లేదా నో రెస్పాన్స్ టికెట్.

రెండోదాని గురించి ఒక మాట. వెబ్‌లో టికెట్ వేసే కాంట్రాక్టర్లు మ్యాపు మీద పాలిగాన్ హడావిడిగా గీస్తారు. ‘ఇంటి వెనక పెరడంతా’ అని రాసి, ఇంటి ముందు చతురస్రం గీసినవి మామూలే. మీరు పాలిగాన్ చూసి ముందు భాగం గుర్తుపెడతారు, వాళ్లు వెనక తవ్వుతారు. ఇలాంటివి వస్తే ఫోన్ చేసి అడిగి, ఆ కాల్ వివరం టికెట్‌లోనే రాసి, అవసరమైతే టికెట్ సరిదిద్దించమని వాళ్లకు చెప్పాలి.

6. టికెట్లు పంచడం

జోన్లు గీసి, ఒక్కో జోన్‌కు ఒక్కో లొకేటర్‌ను పెడితే టికెట్ దానంతటదే వెళ్తుంది. ఇది అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది, పెద్ద పని కాదు.

టికెట్ల సంఖ్య చూసి పని సమానంగా పంచామనుకోవడమే తప్పు. ఒక టికెట్ ఇంటి ముందు మెయిల్‌బాక్స్ పాతడానికి. ఇంకొకటి ఫైబర్ కంపెనీ రోడ్డు వెంట మైళ్ల కొద్దీ వేసే లైన్‌కు. సాఫ్ట్‌వేర్‌లో పాలిగాన్ పొడవు, లోపలున్న లైన్ల సంఖ్య, పని రకం కలిపి ఒక బరువు అంకె వచ్చేలా పెట్టుకోండి. పంపకం ఆ అంకెను బట్టి జరగాలి.

పెద్ద ప్రాజెక్టు టికెట్‌ను ముక్కలుగా, రోజుకింత అని కాంట్రాక్టర్‌తో ఒప్పుకుని గుర్తుపెట్టాల్సి వస్తుంది. ఈ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే లొకేటర్ సగం గుర్తుపెట్టి టికెట్ మూసేస్తాడు, లేదా పూర్తయ్యేదాకా జవాబే పంపడు. రెండూ తలనొప్పే. డెమోలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది.

వసంతకాలంలో తవ్వకాలు ఒక్కసారిగా పెరుగుతాయి. మీ సిబ్బంది లెక్క ఫిబ్రవరి టికెట్లను చూసి వేసుకుంటే ఏప్రిల్‌లో మునిగిపోతారు.

7. ఫీల్డ్‌లో లొకేటర్ నింపే ఫారం

ఫారం చిన్నగా ఉండాలి, కానీ ఆ పనిని ఆర్నెల్ల తర్వాత కొత్త మనిషి చదివినా అర్థం కావాలి. ఎండలో, చేతికి పెయింట్ అంటుకుని, చిన్న తెరమీద నింపేవాడి కష్టం డిజైన్ చేసేవాళ్లు మర్చిపోతుంటారు. టైప్ చేయాల్సినవి తక్కువ, నొక్కాల్సినవి ఎక్కువ ఉంచండి.

తప్పనిసరి కాలమ్స్:

- ఏ లైన్ గుర్తుపెట్టారు. అమెరికన్ పబ్లిక్ వర్క్స్ అసోసియేషన్ (ఏపీడబ్ల్యూఏ) రంగుల పద్ధతి ప్రకారం కరెంటు ఎరుపు, గ్యాస్ లేదా చమురు పసుపు, కమ్యూనికేషన్ నారింజ, తాగునీరు నీలం, మురుగునీరు ఆకుపచ్చ, శుద్ధిచేసి మళ్లీ వాడే నీరు ఊదా. లైన్ రకం ఎంచుకుంటే రంగు దానంతటదే రావాలి.
- తవ్వబోయే చోట కాంట్రాక్టర్ తెల్ల గీతలు గీశాడా లేదా.
- పద్ధతి: ట్రాన్స్‌మిటర్‌ను (లైన్‌లోకి సిగ్నల్ పంపే పెట్టెను) నేరుగా కలిపారా, లైన్ చుట్టూ క్లాంప్ పెట్టారా, లైన్‌కు తగలకుండా పైనుంచి ఇండక్షన్‌తో తీశారా. ఎక్కడ కలిపారు.
- ఫ్రీక్వెన్సీ: 512 హెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్, 33 కిలోహెర్ట్జ్ వగైరా.
- గుర్తించలేని లైన్ ఉందా? ఉంటే ఎందుకు? ట్రేసర్ వైర్ తెగిందా, అసలు లేదా?

పద్ధతి, ఫ్రీక్వెన్సీ ఎందుకని లొకేటర్లు విసుక్కుంటారు. కారణం ఉంది. ఇండక్షన్‌తో, ఎక్కువ ఫ్రీక్వెన్సీతో తీసినప్పుడు సిగ్నల్ పక్క లైన్‌కు ఎక్కే అవకాశం ఎక్కువ. రేపు గుర్తు తప్పిందని తేలితే, సిగ్నల్ పక్క లైన్ మీదకు పాకిందా, మ్యాపే తప్పా అని చెప్పగలిగేది ఈ రెండు కాలమ్స్‌తోనే. మిషన్ చూపిన లోతు రాసుకుంటే రాసుకోండి, కానీ అది కాంట్రాక్టర్‌కు వెళ్లే కాపీలో రాకుండా చూడండి. లోతు అంకె చెబితే అతను దాన్ని నమ్మి అంతవరకు మెషీన్ దించేస్తాడు.

ఫోటోలు ఇలా తీయించండి:

- రాగానే, పెయింట్ వేయకముందు ఒకటి.
- ఇంటి నంబరో, వీధి బోర్డో కనిపించేలా దూరం నుంచి ఒకటి.
- గుర్తుల వెంట, రెండు చివర్ల నుంచీ ఒక్కోటి.
- ట్రాన్స్‌మిటర్ కలిపిన చోటు దగ్గరగా ఒకటి.
- లైన్ లేదని క్లియర్ చేసినా ఫోటోలు తీయాలి. నేలమీద పెయింట్ లేకపోవడమే అక్కడ రుజువు.

యాప్‌లోంచి కెమెరా మాత్రమే తెరుచుకోవాలి, గ్యాలరీలోంచి ఫోటో ఎక్కించే వీలు ఉండకూడదు. ఒకే ఫోటో రెండు టికెట్లలో వస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి. సిగ్నల్ లేని ఊళ్లలో యాప్ ఆఫ్‌లైన్‌లో పనిచేసి, సిగ్నల్ రాగానే పంపాలి. దీన్ని మాటలు నమ్మి ఊరుకోకండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫోటోలతో సహా టికెట్లు నింపి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసి, తర్వాత నెట్ ఇచ్చి చూడండి. చాలా యాప్‌లు బోర్లా పడేది ఇక్కడే.

8. మూసివేత, పాజిటివ్ రెస్పాన్స్ (సెంటర్‌కు పంపే జవాబు)

టికెట్‌కు మూసివేతలు రెండు. మీ సాఫ్ట్‌వేర్‌లో మూయడం ఒకటి, సెంటర్‌కు జవాబు కోడ్ చేరడం రెండోది. తవ్వేవాడు చూసేది రెండోదాన్నే. లొకేటర్ పని చేసి, ఫోటోలు తీసి, టికెట్ మూసి ఇంటికి వెళ్లినా, కోడ్ సెంటర్‌కు చేరకపోతే కాంట్రాక్టర్ తెరమీద ‘జవాబు లేదు’ అనే ఉంటుంది. కాలిఫోర్నియాలో 2021 నుంచి ఈ ఎలక్ట్రానిక్ జవాబు తప్పనిసరి.

అందుకే ఈ వరసలో పెట్టండి:

1) లొకేటర్ ఎంచుకునే ఫలితాలు ఎన్ని ఉన్నాయో రాయండి: గుర్తుపెట్టాం, లైన్ లేదు, కొంత భాగమే గుర్తుపెట్టాం, లోపలికి వెళ్లే వీల్లేదు, చిరునామా తప్పు, కాంట్రాక్టర్‌తో మాట్లాడుతున్నాం, గుర్తించలేకపోయాం.

2) ప్రతి ఫలితానికీ ఆ రాష్ట్ర సెంటర్ కోడ్ ఏదో ఎదురుగా రాయండి. సరిపోయే కోడ్ లేకపోతే దగ్గరగా ఉన్నది ఊహించి పెట్టకండి, సెంటర్‌ను అడగండి.

3) కోడ్ పంపాక సెంటర్ నుంచి ‘అందింది’ అని తిరిగి వచ్చాకే టికెట్ పూర్తి మూసినట్టు కనిపించాలి. అందాకా ‘జవాబు వెళ్లింది, రసీదు రాలేదు’ అనే మధ్య స్థితి ఉండాలి.

4) రసీదు రాకపోతే సాఫ్ట్‌వేర్ మళ్లీ మళ్లీ పంపాలి. అప్పటికీ రాకపోతే గడువుకు ముందే డిస్పాచర్ తెరమీదకు రావాలి, సెంటర్ వెబ్‌సైట్‌లో చేత్తో ఎక్కించాలి.

గేటుకు తాళం ఉండి లోపలికి వెళ్లలేనప్పుడు కొందరు ‘గుర్తుపెట్టాం’ అని కొట్టేసి రేపు వద్దామనుకుంటారు. గడువు తప్పిన లెక్కలో పడకుండా ఉండటానికి చేసే పని ఇది. నివారించాలంటే నీతులు చెప్పి లాభం లేదు. ‘లోపలికి వెళ్లే వీల్లేదు’ అన్న ఫలితానికి లొకేటర్ జీతం లెక్కలో కోత పడకుండా చూడండి. టికెట్‌కింత అని డబ్బిచ్చే చోట ఈ అబద్ధం తప్పక పుడుతుంది.

టికెట్ చిరునామాకు దూరంగా ఉండి మూసినవి, నమ్మశక్యం కానంత త్వరగా మూసినవి విడి జాబితాగా రావాలి. అలా వచ్చిన ప్రతిదీ మోసం కాదు, పెట్రోల్ బంకులో ఆగి ఫారం నింపే మంచి లొకేటర్లూ ఉంటారు. అడిగి తెలుసుకోండి.

9. లైన్ తెగినప్పుడు

డ్యామేజ్ కబురు రాగానే సాఫ్ట్‌వేర్ ఆ టికెట్‌ను తాళం వేసినట్టు బిగించాలి. అప్పటి నుంచి ఎవరూ అందులో పాత వివరాలు మార్చలేరు, కొత్తవి చేర్చగలరు, అంతే.

డ్యామేజ్ ఫారంలో ఉండాల్సినవి: టికెట్ ఉందా లేదా, ఉంటే గడువు చెల్లుతోందా, తవ్విన చోటు టికెట్ హద్దుల్లోనే ఉందా, గుర్తుకూ తెగిన లైన్‌కూ మధ్య దూరం టేప్‌తో కొలిచిన ఫోటో, ఏ మెషీన్ వాడారు, చేత్తో తవ్వి లైన్ బయటపెట్టి చూశారా. తవ్వకాల్లో లైన్లు తెగకుండా చూసేందుకు పనిచేసే కామన్ గ్రౌండ్ అలయన్స్ వాళ్ల డర్ట్ (డ్యామేజ్ వివరాల) నివేదికకు పంపే వివరాల వర్గాలనే మీ ఫారంలోనూ పెట్టుకుంటే తర్వాత రెండుసార్లు నింపే పని తప్పుతుంది.

10. రోజూ పొద్దున చూడాల్సిన తెర

డాష్‌బోర్డులో ఇరవై గ్రాఫులు పెట్టుకుని ఏదీ చూడనివాళ్లే ఎక్కువ. ఇవి చాలు:

- నిన్నటి ఆడిట్ లెక్క సరిపోయిందా?
- రసీదు రాని జవాబులు ఎన్ని?
- ఈరోజు గడువున్నవాటిలో ఎవరికీ కేటాయించనివి ఎన్ని?
- నిన్న వచ్చిన నో రెస్పాన్స్ టికెట్లు ఎన్ని, ఎవరి జోన్‌లో?

చివరిదాని మీద కన్నేసి ఉంచండి. మీ లెక్కలో అన్నీ సకాలంలో మూసినట్టుండి, కాంట్రాక్టర్లు మాత్రం ‘ఎవరూ రాలేదు’ అని మళ్లీ టికెట్లు వేస్తుంటే మూసివేతలోనో, రసీదులోనో అబద్ధముంది.

11. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారే వారం

పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన నడవాలి. కానీ జవాబులు మాత్రం ఒక్కదాన్నుంచే వెళ్లాలి. రెండూ పంపితే ఒకటి ‘గుర్తుపెట్టాం’ అనీ ఇంకొకటి ‘లైన్ లేదు’ అనీ వెళ్లి కాంట్రాక్టర్ అయోమయంలో పడతాడు.

మారడానికి చలికాలం ఎంచుకోండి. ఒక జోన్‌తో మొదలుపెట్టండి. తెరిచి ఉన్న పాత టికెట్లను కొత్తదాంట్లోకి ఎక్కించే బదులు, పాతదాంట్లోనే ముగించి, ఫలానా తేదీ తర్వాత వచ్చినవి కొత్తదాంట్లో చేయడం సుఖం. గడువున్న టికెట్‌ను మధ్యలో మార్చితే ఏదో ఒక వివరం పోతుంది.

సంతకం పెట్టేముందు ఒప్పందంలో చూడండి: మీరు వదిలి వెళ్లిపోతే టికెట్లు, ఫోటోలు, మార్పుల చరిత్ర మొత్తం మామూలు ఫైళ్లుగా మీ చేతికిస్తారా? ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో? డ్యామేజ్ కేసులు ఏళ్ల తర్వాత కూడా వస్తాయి. అప్పుడు ఆ ఫోటోలు పాత కంపెనీ సర్వర్‌లో ఉండిపోతే కష్టం.

12. మన దేశంలో ఇదే పని

ఇండియాలో దీనికి దగ్గరగా ఉన్నది ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్. టెలికాం శాఖ, గాంధీనగర్‌లోని బైసాగ్-ఎన్ (మ్యాపుల మీద పనిచేసే కేంద్ర సంస్థ) కలిసి చేసిన దీన్ని 2023 మార్చి 22న ప్రారంభించారు. తవ్వేవాళ్లు చోటూ తేదీ నమోదు చేస్తే, ఆ ప్రాంతంలో ఆస్తులున్న సంస్థలకు ఎస్‌ఎంఎస్, ఈమెయిల్, యాప్ ద్వారా కబురు వెళ్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కేబుల్ సంస్థ తరఫున ఈ కబుర్లు అందుకునే డెస్క్‌లో ఉంటే, పైన చెప్పినవాటిలో 2, 3, 8 అంకెలవి మీకు నేరుగా పనికొస్తాయి: మీ లైన్ల మ్యాపు సరిగా ఎక్కించడం, వచ్చిన ప్రతి కబురునూ ఒక రిజిస్టర్‌లో పడేయడం, జవాబు చేరిందని తేల్చుకోవడం. చిన్న డెస్క్ అయితే మొదట ఎక్సెల్ షీట్ చాలు. కాలమ్స్ ఇవి: కబురు వచ్చిన సమయం, చోటు, తవ్వే తేదీ, మన లైన్ ఎంత దూరం, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు, సైట్‌కు ఎవరు వెళ్లారు, ఫోటో లింకు.

కబురు అందే ఫోన్ నంబర్, ఈమెయిల్ ఒక ఉద్యోగి పేరు మీద కాకుండా డెస్క్ పేరు మీద నమోదు చేయించండి. ఆ ఉద్యోగి బదిలీ అయితే కబుర్లు అతని వెంటే వెళ్లిపోతాయి. తవ్వే కాంట్రాక్టర్ల వైపు ఉంటే, యాప్‌లో నమోదు చేశాం కదా అని జేసీబీ దించేయకండి. జవాబిచ్చిన సంస్థల మనిషి సైట్‌కు వచ్చి చూపించేదాకా ఆగి, చూపించిన చోట చేత్తో చిన్న గుంత తవ్వి కేబుల్ కంటికి కనిపించాకే మెషీన్ పెట్టండి. జవాబివ్వని సంస్థ ఉంటే వాళ్ల స్థానిక ఇంజినీరుకు ఫోన్ చేసి, ఆ కాల్ సమయం కూడా అదే షీట్‌లో రాసుకోండి.